అరకు రాయికి లంకలో చుట్టాలు

విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే రైలు శృంగవరపుకోట దాటాక కొండలెక్కడం మొదలుపెడుతుంది. సొరంగం వెనుక సొరంగం! వెలుతురు వచ్చినప్పుడల్లా పట్టాల పక్కన తొలిచిన కొండను గమనించండి. ఎర్రని చారలతో కనిపించే ఆ రాయి ఖొండలైట్. ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరునే 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు దానికి పెట్టాడు. ఒకనాటి బంకమట్టి పొరలు భూగర్భంలో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై ఇలా మారాయి. అందులోని ఎర్రని గింజలు గార్నెట్ ఖనిజం.

విచిత్రమేమంటే, శ్రీలంక కొండల్లోనూ ఇదే రాయి! కోట్ల సంవత్సరాల క్రితం భారతదేశం, శ్రీలంక, అంటార్కిటికా గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలు.

చుట్టరికం రాళ్ళకేనా? తూర్పు కనుమల్లో, తిరుమల, పాపికొండల వంటి చోట్ల, బంగారు బల్లి ఉంది. దీనిని 1870లో బెడ్డోమ్ వర్ణించాడు. ఈ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. రెండవది శ్రీలంకలో ఉంది! మరి మధ్యనున్న సముద్రం? మంచుయుగాలలో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా తగ్గింది. లోతు తక్కువైన పాక్ జలసంధి అడుగు బయటపడి, రెండింటినీ కలిపే నేల అయింది.

ఈ బల్లులు గుడ్లను రాతికే అంటిస్తాయి. ఎన్నో తల్లులు ఒకే బండను వాడుకుంటాయి. బండ కింద మంట వేస్తే, దానిమీద పేర్లు చెక్కితే ఒక తరమే నశించవచ్చు. విద్యార్థులారా, కొండలకు వెళ్ళినప్పుడు బండలను కళ్ళతోనే చదవండి.