మీకు తెలుసా? ‘ఆడవాళ్లకు డ్రైవింగ్ రాదు’ అన్న మాటా ప్రమాదకరమే

ఆస్ట్రేలియాలో యువతులతో సిమ్యులేటర్ మీద కారు నడిపించి చేసిన ఒక పరిశోధన 2008లో వెలువడింది. మగవాళ్లే బాగా నడుపుతారన్న అభిప్రాయాన్ని ముందుగా గుర్తుచేసినప్పుడు, హఠాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చిన పాదచారులను ఢీకొట్టే అవకాశం రెట్టింపు దాటింది. తప్పు చేస్తే ఆ నింద నిజమైపోతుందేమోనన్న బెంగ, రోడ్డు మీద ఉండాల్సిన ధ్యాసను కొంత లాగేసుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తల వివరణ.

సిమ్యులేటర్ అసలు రోడ్డు కాదు, నిజమే. కానీ అసలు రోడ్డు లెక్కలు ఆ నిందను అసలే నిలబెట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం, రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే ముప్పు పాతికేళ్లలోపు యువతులకన్నా యువకులకు దాదాపు 3 రెట్లు. మగవాళ్లు ఎక్కువ తిరుగుతారు కదా అనవచ్చు. అదీ ఒక కారణమే, అయితే అతివేగాన్నీ మద్యాన్నీ ఆ లెక్కలోంచి తీసేయలేం.