ఫలక్‌నుమా ఎత్తు ఎక్కని కైనెటిక్ హోండా

శాలిబండ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరంలో రెండు బండ్లున్నాయి. ఒకటి ఆయన పాత కైనెటిక్ హోండా. వానాకాలమంతా కవరు కప్పుకుని వరండాలో నిలబడింది. దసరాకి బయటికి తీస్తే స్టార్టయింది, చదునులో బాగానే పోతోంది, ఇంజన్‌బౌలి దాటి ఫలక్‌నుమా ఎత్తు మొదలవగానే మాత్రం గొంతు పడిపోయి ఆగిపోయేలా అవుతోంది. సిలిండరు బోరు చేయించాలని మెకానిక్ తేల్చేశాడు. రెండో బండి కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న ఆయన కొడుకుది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్నోమొబైల్. మంచు కరిగి సీజను అయిపోగానే దాన్ని షెడ్డులోకి తోసి, ముందుగా బెల్టు ఊడదీసి గోడకు తగిలించాడట. "ఆ బెల్టు ఫొటో చూస్తే నా బండి బెల్టుకి అన్నలా ఉంది. రెండూ ఒకటేనా? ఒకటే అయితే నాది ఎత్తు ఎందుకు ఎక్కట్లేదు?" అని ప్రశ్న.

రెండూ ఒకటే. బోరు అక్కర్లేదని కూడా నా అనుమానం. నిజానికి 2025 జులైలో కైనెటిక్ వాళ్లు డీఎక్స్ పేరుతో విద్యుత్ స్కూటరు తెచ్చినప్పటి నుంచీ ఈ పాత బండి గురించి రాయాలని చేతులు దురద పెడుతున్నాయి. పేరు తిరిగొచ్చింది, రూపమూ కాస్త వచ్చింది. విద్యుత్ మోటారు కాబట్టి ఎడమవైపు పెట్టెలో నడిచే అసలు ఆట మాత్రం రాలేదు.

ముందు మూలాలు గబగబా చెప్పేస్తాను. పెట్రోలు ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు నీరసం. దాని సత్తువంతా ఒక ఇరుకైన వేగంలోనే ఉంటుంది. చిన్న టూస్ట్రోక్ ఇంజనుకి ఆ ఇరుకు మరీ ఎక్కువ. అందుకే గేర్లు. బజాజ్ చేతక్‌లో ఎడమ మణికట్టు తిప్పి మనమే మార్చేవాళ్లం. 1984లో ఫిరోదియాల కైనెటిక్, జపాన్ హోండా కలిసి తెచ్చిన 98 సీసీ స్కూటరు ఆ పని మన చేతిలోంచి తీసేసింది. రేజ్ ఇస్తే పోతుంది, బ్రేకు వేస్తే ఆగుతుంది. ఆడవాళ్ల బండి అని మగరాయుళ్లు నవ్వారు కూడా.

ఇప్పుడు ఎడమవైపు కింద ఉన్న పొడవాటి అల్యూమినియం మూత విప్పండి. లోపల రెండు పుల్లీలు, వాటిని చుట్టిన ఒక వెడల్పాటి రబ్బరు బెల్టు. ముందు పుల్లీ క్రాంక్‌షాఫ్టు కొసన, రెండోది వెనక చక్రం దగ్గర క్లచ్చుతో కలిసి. ఒక్కో పుల్లీకి రెండు బిళ్లలు. రెండు మూకుళ్లను వీపులు ఆనించి పట్టుకుంటే మధ్యలో ఏర్పడే గాడి లాంటిదే వీటి మధ్య గాడి, బెల్టు కూర్చునేది అందులోనే. ఒక బిళ్ల కదలదు, ఇంకోటి కదులుతుంది. బిళ్లలు దగ్గరపడితే గాడి ఇరుకై బెల్టు అంచువైపు పైకి తోసుకొస్తుంది. ఎడమైతే ఇరుసువైపు జారుతుంది. అంటే పుల్లీ చిన్నదీ కావచ్చు, పెద్దదీ కావచ్చు, మధ్యలో ఏ సైజైనా కావచ్చు.

ముందు పుల్లీ కదిలే బిళ్ల వీపున ఏటవాలు దారులున్నాయి, ఒక్కో దారిలో ఒక రోలరు. ఇంజను వేగం పెరిగితే రోలర్లు బయటికి విసిరినట్టు పోతాయి. దారి ఏటవాలు గనక, పోతూపోతూ బిళ్లను నెడతాయి. గాడి ఇరుకవుతుంది, బెల్టు పైకెక్కుతుంది. బెల్టు పొడవు మారదు కదా, ముందు పైకెక్కిన మేర వెనక పుల్లీలోకి దిగబడక తప్పదు. వెనక బిళ్లలను ఒక బలమైన స్ప్రింగు మూసి ఉంచుతుంది, బెల్టు దాన్ని తోసుకుంటూ లోపలికి పోతుంది. బయల్దేరేటప్పుడు ముందు చిన్న పుల్లీ, వెనక పెద్ద పుల్లీ, అంటే మొదటి గేరు. దౌడు తీసేటప్పుడు అంతా తారుమారు. నడుమ మెట్లు లేవు, ఉన్నదంతా వాలే.

ఇందులో ఒక తిరకాసుంది. రోలరును బయటికి విసిరే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. నిమిషానికి 2500 చుట్లు తిరిగేది 5000 తిరిగితే తోపు రెండింతలు కాదు, నాలుగింతలు. దాన్ని అలాగే వదిలేస్తే బండి ఒక్క ఊపులో టాప్ గేరులోకి దూకి చతికిలబడుతుంది. అందుకే ఆ దారిని తిన్నగా కాకుండా వంపుతో మలుస్తారు. ఎక్కడ బెల్టు మెల్లగా ఎక్కాలో, ఎక్కడ చకచకా ఎక్కాలో ఆ వంపే చెబుతుంది. కాగితం మీద వేసిన లెక్క అల్యూమినియంలో పోతపోసి ఉందన్నమాట. రోలర్లు తేలికైతే ఇంజను ఎక్కువ వేగం అందుకున్నాక గానీ గేరు మారదు: పికప్ బాగుంటుంది, పెట్రోలు తాగుతుంది. బరువైతే ఉల్టా.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. నాకు ప్రాణమైన భాగం వెనక పుల్లీలో ఉంది, దాని ఊసు చాలామంది ఎత్తరు. ఆ కదిలే బిళ్ల ఒక గొట్టం మీద జారుతుంది. అక్కడ ఏటవాలుగా కోసిన గాళ్లు, ఆ గాళ్లలో పిన్నులు. ఎత్తు వచ్చిందనుకోండి. చక్రం బరువెక్కి మొరాయిస్తుంది, బెల్టు మాత్రం లాగుతూనే ఉంటుంది. ఈ పెనుగులాటలో కదిలే బిళ్ల కాస్త ముందుకు మెలి తిరగబోతుంది. పిన్ను అడ్డు, గాడి ఏటవాలు. కాబట్టి ఆ మెలి కాస్తా పక్కకు నొక్కుడుగా మారుతుంది. బిళ్లలు మూసుకుంటాయి, వెనక బెల్టు పైకెక్కుతుంది, గేరు దానంతటదే దిగుతుంది. ఎత్తు ఎంత నిటారైతే నొక్కుడు అంత గట్టిది. పైగా బరువు ఎక్కువైన క్షణానే బెల్టును ఎక్కువ బిగించి పడుతుంది గనక బెల్టు జారదు. సెన్సరు లేదు, చిప్పు లేదు, వైరు ముక్క లేదు. బండికి ఎదురయ్యే బరువే గేరు మార్చే చెయ్యి.

ఇక మన పాఠకుడి బండి. ఆయనకు తెలియకుండానే ఉత్తరంలో అసలు ఆచూకీ ఇచ్చేశారు: ఎత్తులో గొంతు పడిపోతోంది. బెల్టు అరిగి జారుతుంటే ఇంజను గొంతు పెంచి అరుస్తుంది, బండి కదలదు. ఇక్కడ ఇంజనే కుంగిపోతోంది, అంటే గేరు దిగడం లేదు. చదునులో బాగానే పోతోంది గనక ఇది ఇంజను లోపం కావడానికి అవకాశం తక్కువ. నాలుగు నెలల చెమ్మలో వెనక గొట్టం మీది పాత గ్రీజు జిగటై, ఆపై గట్టిపడి, పిన్నులు గాళ్లలో ఇరుక్కుని ఉంటాయి. చదునులో దాని అవసరం పడదు గనక బయటపడదు. క్లచ్చు సెట్టు విప్పించి, గాళ్లను కిరసనాయిలుతో కడిగించి, గొట్టానికి కొత్త గ్రీజు పలచగా పూయించండి. ఆ స్ప్రింగు ఎగిరి మొహం పగలగొట్టగలదు, కాబట్టి నట్టు విప్పేటప్పుడు పైనుంచి నొక్కిపట్టే మనిషి ఉండాలి. గ్రీజు చుక్క బెల్టు తాకే ముఖాలకు అంటిందా, ఎక్కడం మాట అటుంచి నడవడమే మానేస్తుంది.

మూత ఎలాగూ విప్పారు కాబట్టి బెల్టు సంగతీ చూసేయండి. ముందు పుల్లీ బిళ్ల మీద ఇరుసు నుంచి అంచుదాకా స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, మూత బిగించి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ రేజ్‌లో ఒకసారి పోయి రండి. మళ్లీ విప్పితే బెల్టు రాసుకున్నంత మేర గీత చెరిగిపోయి ఉంటుంది. అంచు దగ్గర బాగా మిగిలిపోయిందంటే బెల్టు అరిగి సన్నబడి పైదాకా ఎక్కట్లేదు, లేదా రోలర్లు ఒకవైపు చదునై దొర్లడం మానేశాయి.

ఇదంతా జపాన్ మాయ అని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు. 1930ల చివరే కాలిఫోర్నియాలో సాల్స్‌బరీ కంపెనీ మోటర్ గ్లైడ్ అనే స్కూటరులో ఇలా తనంతట తాను మారే బెల్టును పెట్టింది. అంతకుముందే ఇంగ్లండులో జెనిత్ గ్రాడువా అనే మోటారు సైకిలు ముందు పుల్లీని పెద్దదీ చిన్నదీ చేస్తూ, బెల్టు బిగువు తగ్గకుండా వెనక చక్రాన్నే ముందుకీ వెనక్కీ జరిపేది. దాన్ని నడిపేవాడు చేత్తో తిప్పాలి, అయినా కొండలెక్కే పోటీల్లో దాని ముందు ఎవరూ నిలవలేకపోయారు. ఓడినవాళ్లు నేర్చుకోలేదు, క్లబ్బులు దాన్ని పోటీల నుంచే బయట పెట్టాయి. జెనిత్ వాళ్లు తక్కువ తిన్నారా, 'నిషిద్ధం' అన్న ఆ మాటనే ట్రేడ్‌మార్కుగా వేసుకున్నారు. 1914లో రడ్జ్ మల్టీ అనే ఇదే తరహా బండి సీనియర్ టీటీ రేసు గెలిచింది. 1958లో హబ్ వాన్ డూర్నె అనే డచ్చివాడు డాఫ్ కారులో బెల్టు పెట్టాడు. రివర్సు మార్పిడి బెల్టుకు ముందే జరిగిపోవడంతో ఆ కారు ముందుకెంత వేగంగా పోగలదో వెనక్కీ అంత వేగంగా పోగలదు. డచ్చివాళ్లు తర్వాత్తర్వాత ఆ కార్లతో వెనక్కి నడిపే రేసులే పెట్టుకున్నారు. దాన్నీ ముసలమ్మల కారని వెక్కిరించారనుకోండి. వెక్కిరించినవాళ్ల నోరు 1993లో మూతపడాల్సింది. ఫార్ములా వన్ జట్టు విలియమ్స్ తన కారులో ఇలాంటిదే బిగించి డేవిడ్ కౌల్ట్‌హార్డ్ చేత నడిపించి చూసింది. పోటీలోకి దిగకముందే, మరుసటి ఏటి నిబంధనల్లో దాన్ని నిషేధించారు. ఎనభై ఏళ్లకు పైగా గడిచినా క్లబ్బుల బుద్ధి మారలేదు.

స్నోమొబైల్ ఈ వంశంలోదే. 1959లో క్యుబెక్‌లోని వాల్‌కూర్‌లో బొంబార్డియే స్కీడూ తెచ్చాక మంచు దేశాల్లో అది ఇంటి బండి అయింది. అందులోనూ ముందు పుల్లీ బరువుల మీద, వెనక పుల్లీ ఏటవాలు కామ్ మీద పని చేస్తాయి. తేడా ఒక్కటే. మన స్కూటరులో బెల్టును పుల్లీలు ఎప్పుడూ పట్టే ఉంటాయి, విడదీసే క్లచ్చు వెనక ఉంటుంది. స్నోమొబైల్‌లో బండి ఆగినప్పుడు ముందు బిళ్లలే విచ్చుకుని బెల్టును వదిలేస్తాయి. అబ్బాయి బెల్టు తీసి తగిలించడానికి కారణం, ఆరేడు నెలలు ఒకే వంపులో ఉంటే రబ్బరు ఆ వంపునే పట్టుకుంటుంది, పుల్లీ ముఖాల మీద చెమ్మ నిలిచి తుప్పు మచ్చలూ పడతాయి. వాళ్లకు అది నిమిషాల పని. మనకు మూత, నట్లు, గాస్కెట్టు అంటూ ఒక పూట పడుతుంది. కాబట్టి తీయనక్కర్లేదు, నెలకోసారి కిక్కు కొట్టి బెల్టు చోటు మార్చితే చాలు.

మిగతా జాగ్రత్తలు పొడిపొడిగా. టూస్ట్రోక్ క్రాంకు బేరింగులకు నూనె పెట్రోలుతో పాటే అందుతుంది, బండి ఆగితే అదీ ఆగుతుంది. వానలకు ముందు ఇగ్నిషన్ ఆపి, ప్లగ్గు విప్పి, చెంచాడు టూటీ ఆయిల్ పోసి నాలుగైదు కిక్కులు కొట్టండి. కార్బొరేటరు గిన్నెలో పెట్రోలు వదలొద్దు: ఆవిరి పోయేది పోగా మిగిలిన జిగురు వెంట్రుకవాసి జెట్లలో అడ్డుపడుతుంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో అది గాలిలో తేమనూ పీల్చుకుంటుంది, ముప్పై ఏళ్ల రబ్బరు గొట్టాలకూ పడదు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోండి. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కండి, ఎలుకలకు అది రెడీమేడ్ ఇల్లు. మళ్లీ తీసేటప్పుడు ఆయిల్ పంపు గొట్టంలో గాలిబుడగ ఉండొచ్చు, మొదటి లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపే పోయండి. పొగ కాస్త ఎక్కువే వస్తుంది, పొరుగువాళ్లు తిడతారు. వాళ్ల మాటలో న్యాయముంది.

గోడు ఒకటే. బెల్టులు, రోలర్లు వెతికితే దొరుకుతాయి. వెనక పుల్లీలోని ఆ గాళ్లు అరిగిపోయాయా, కొత్తది దొరకడం గగనం. జుమ్మేరాత్ బజార్‌కి గురువారం పెందలాడే వెళ్లి తుక్కు బండ్ల క్లచ్చు సెట్లు వెతకడమే దారి. చేతికి దొరికిన దాన్ని అక్కడే రెండు చేతులా పట్టి కదిలే బిళ్లను మెలి తిప్పుతూ లాగి చూడండి. ఎక్కడా తట్టుకోకుండా విచ్చుకుని, వదలగానే చటుక్కున మూసుకుంటే మాత్రం బేరం ఆడకండి.