తిరుపతి–కాట్పాడి దారికి ఎలాంటి ఇంజన్ కావాలి?

తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి 104 కిలోమీటర్లు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.1,332 కోట్లతో ఈ సింగిల్ లైన్ డబ్లింగ్‌కు ఆమోదం తెలిపింది. అది పూర్తయ్యేదాకా క్రాసింగ్ పడితే బండి ఆగాల్సిందే. ఇలాంటి దారిలో ఇంజన్ గొప్పతనం గరిష్ఠ వేగంలో లేదు. ఆగిన బండిని ఎంత త్వరగా వేగం అందుకునేలా చేస్తుందన్నదే ముఖ్యం.

మన దగ్గరున్న రెండు కరెంటు ఇంజన్లను పోల్చి చూద్దాం. డబ్ల్యూఏపీ-5 బరువు 78 టన్నులు, గంటకు 160 కి.మీ. వెళ్లగలదు. డబ్ల్యూఏపీ-7 బరువు 123 టన్నులు, వేగం 140. తేలికైనదే మేలనిపిస్తుంది కానీ, పట్టా మీద చక్రం జారకుండా పట్టు ఇచ్చేది బరువే. వానకు పట్టా తడిస్తే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు చక్రం ముందున్న సన్నని గొట్టంలోంచి పట్టా మీద ఇసుక రాలుస్తారు.

బండి కదిలేటప్పుడు మొదటిది సుమారు 26 టన్నుల బలంతో లాగితే, రెండోది 33 టన్నుల బలంతో లాగుతుంది. 24 బోగీల నిండు బండి 1,200 టన్నులనుకుందాం. వందకు ఒకటి ఎత్తు ఉన్న చోట ఏ ఇంజన్‌కైనా 13 టన్నుల బలం ఎక్కడానికే పోతుంది. మిగిలిన బలంతో, గాలి, రాపిడి పక్కన పెడితే, గంటకు 36 కి.మీ. అందుకోవడానికి బరువైన ఇంజన్‌కు 67 సెకన్లు, తేలికైనదానికి దాదాపు 100 సెకన్లు పడుతుంది.

ఇక బ్రేకు. 100 కి.మీ. వేగంలో ఉన్న ఈ బండిలో దాదాపు 140 యూనిట్ల శక్తి దాగి ఉంటుంది. అంటే ఓ చిన్న కుటుంబం నెలకు కాల్చే కరెంటుకు దగ్గర. పాత డబ్ల్యూఏపీ-4 అయితే ఆగిన ప్రతిసారీ అదంతా వేడిగా పోతుంది. ఈ రెండు ఇంజన్లూ అందులో కొంత తీగకే తిరిగి పంపగలవు. బోగీల్లో లైట్లకు, ఏసీలకు కావలసిన కరెంటునూ ఇంజనే ఇస్తే డీజిల్ జనరేటర్ కారు ఒకటి తగ్గుతుంది. ఆ చోటు ప్రయాణికులకు దక్కుతుంది. ఈ రెండు గుణాలూ లేని ఇంజన్‌ను నేను ఆదర్శమని ఒప్పుకోను.

మరి బరువు ఇంకా పెంచవచ్చా? 123 టన్నులను ఆరు ఇరుసులకు పంచితే ఒక్కోదాని మీద 20.5 టన్నులు. అంతకు మించితే పట్టాలు, వంతెనల మీద భారం పెరుగుతుంది. కాబట్టి పెంచాల్సింది లాగే ఇరుసుల సంఖ్య. 2023 డిసెంబరులో మొదలైన అమృత్ భారత్ రైలు అదే చేసింది: 22 బోగీలకు ముందొకటి, వెనకొకటి ఇంజన్లు, మొత్తం 12,000 హార్స్‌పవర్, 130 కి.మీ. వేగం. చివరి స్టేషన్లో ఇంజన్ మార్చే పనీ లేదు.