అగ్నిమాపక దళము ఎవరి యధీనమున నుండవలెను?

మంట తొలి నిమిషములలోనే లొంగును. హోసూరు రోడ్డు రద్దీ నెరిగిన మడివాళ తలిదండ్రులకు ఇది విశదమే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలు ప్రకారము అగ్నిమాపక సేవను పురపాలక సంఘములకు అప్పగింపవచ్చును. అయినను కర్ణాటకమున 1964 నాటి చట్టము క్రింద ఆ దళము రాష్ట్ర ప్రభుత్వముదే. 2008లో ఇచ్చట ఆరంభమైన 108 అంబులెన్సు సేవయు రాష్ట్రపు ఏర్పాటే.

అమెరికాలో పలుచోట్ల చిన్న యూళ్లు కలిసి అగ్నిరక్షణ మండలముల నేర్పరచుకొని, తామే పన్ను చెల్లించి బండ్లను, సిబ్బందిని పోషించుకొనుచున్నవి. ఆనేకల్ వంటి పట్టణమునకు అట్టి యధికారము మేలే. కాని రాబడి చాలని యూరిలో బండి యున్నను నడుపువాడుండడు. శిక్షణమును, పెద్ద నిచ్చెన బండ్లను రాష్ట్రమే భరించి, తొలి నిమిషముల పని ఊరికి విడుచుట యుక్తమని నా తలంపు.

ఈలోగా పిల్లలకు 101, 108, 112 సంఖ్యలను నేర్పుడు. ఇంటి చిరునామాను కన్నడమునను చెప్పించుడు.