లాగేటప్పుడు కాదు, దిగేటప్పుడు తెలుస్తుంది గేరు విలువ

కారవాన్ అనగానే మనకు షూటింగుల్లో హీరోలు విశ్రాంతి తీసుకునే బండే గుర్తొస్తుంది. బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్లకు మాత్రం అది కారు వెనక తగిలించుకుని సెలవులకు లాక్కెళ్లే చిన్న ఇల్లు. దాన్ని కొనాలనుకునేవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఒకటుంది. లాగే కారు మాన్యువల్ అయితే మంచిదా, ఆటోమేటిక్ అయితే మంచిదా?

ఆలేరులో అలాంటి కారవాన్లు కనిపించవు. కానీ బరువును వెనక తగిలించుకుని లాగడం ఇక్కడ కొత్త విద్యేమీ కాదు. వరి కోతలయ్యాయంటే కొనుగోలు కేంద్రాల దారి పట్టే ట్రాక్టర్లే సాక్ష్యం. నలభై కిలోల బస్తాలు వంద వేస్తే నాలుగు టన్నులు. లాగే ట్రాక్టరు బరువేమో రెండు టన్నులు, కాస్త అటూఇటూ. అంటే బండి కంటే బరువే రెండింతలు! బ్రిటన్‌లో కారవాన్ కొత్తగా లాగేవాళ్లకు పెద్దలు చెప్పే లెక్క వేరు. కారు బరువులో 85 శాతం దాటకూడదంటారు. అందుకే గేరు సంగతి వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

వేడి ఎక్కడ పుడుతుంది?

బరువుతో ఎత్తు మీద బండి కదలాలంటే ఇంజిన్ తిరుగుతుండాలి, చక్రాలు మాత్రం మెల్లగా కదలాలి. ఈ తేడాను ఏదో ఒకటి భరించాలి. మాన్యువల్‌లో ఆ పని క్లచ్ ప్లేటుది. యాదగిరిగుట్ట ఘాట్‌లో రద్దీ ఉన్న రోజు హాఫ్ క్లచ్ మీద బండిని ఆపి ఉంచితే కాసేపటికి ముక్కుకు తగిలే మాడు వాసన ఆ ప్లేటుదే. వెనక ట్రైలర్ కూడా ఉంటే అది ఇంకా తొందరగా అరిగిపోతుంది.

ఆటోమేటిక్ అంటే ఒకటే రకం అనుకుంటాం. నిజానికి అందులో నాలుగు రకాలున్నాయి. మొదటిది టార్క్ కన్వర్టర్. ఇందులో ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా చక్రాలకు పంపుతారు. కదిలే క్షణంలో ఇది ఇంజిన్ బలాన్ని సుమారు రెండింతలు చేసి ఇస్తుంది. అరిగే ప్లేటు మీద భారం పడదు. వేడంతా ఆయిల్‌కు ఎక్కుతుంది కాబట్టి దాన్ని చల్లబరిచే కూలర్ బాగుండాలి, ఆయిల్ వేళకు మార్చాలి. అమెరికాలో పెద్ద పికప్‌లు ఇళ్లంత ట్రైలర్లను లాగేది దీనితోనే. అక్కడ రామ్ హెవీ డ్యూటీ పికప్‌లలో మాన్యువల్ గేర్‌బాక్స్ 2018 మోడల్‌తోనే ఆగిపోయింది.

రెండోది ఏఎంటీ. 2014లో మారుతి సెలేరియోతో మన రోడ్ల మీదికి వచ్చి, తక్కువ ధరకు దొరుకుతుండటంతో ఇంటింటికీ చేరింది. లోపల ఉన్నది మాత్రం మామూలు క్లచ్చే. కాలికి బదులు యంత్రం తొక్కుతుంది, అంతే తేడా. అందుకే బరువు లాగే పనికి ఇది మాన్యువల్ కంటే మెరుగేమీ కాదు. మూడోది సీవీటీ. సాఫీగా పోతుంది కానీ, చాలా కంపెనీలు దీనికి లాగే పరిమితి తక్కువగా ఇస్తాయి. నాలుగోది డీసీటీ. పొడి క్లచ్‌లున్న రకమైతే ఎత్తు మీద ఆగుతూ కదులుతూ పోయినప్పుడు త్వరగా వేడెక్కుతుంది.

కాబట్టి తరచూ ట్రైలర్ తగిలించే ఉద్దేశం ఉంటే, షోరూంలో 'ఆటోమేటిక్ ఉందా' అని అడిగితే సరిపోదు. 'ఏ రకం ఆటోమేటిక్? కంపెనీ పుస్తకంలో లాగే పరిమితి ఎంత?' అని అడగాలి. టార్క్ కన్వర్టర్ అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ట్రైలర్‌ను రివర్స్ చేసేటప్పుడు కూడా దాని సుఖమే వేరు. అది దొరక్కపోతే మాన్యువల్. ఏఎంటీ ఊళ్లో తిరగడానికి బాగుంటుంది, బరువుకు కాదు.

లైసెన్సు సంగతీ చూసుకోవాలి. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారులో టెస్టు పాసైతే మాన్యువల్ నడపడానికి వీల్లేదు. 2021 డిసెంబర్ నుంచి అక్కడ కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగొచ్చు. మన దగ్గర కారు లైసెన్సులో ఆ తేడా లేదు, గేరున్నదీ లేనిదీ అన్న విభజన బైకులకే.

అసలు పరీక్ష దిగుడులో

ఎక్కేటప్పుడు గేరు తప్పితే బండి ఆగుతుంది. దిగేటప్పుడు తప్పితే ఆగదు. మన ట్రాక్టర్ ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. నాలుగు టన్నుల వడ్లను ఆపాల్సింది ముందున్న ట్రాక్టరొక్కటే. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది.

ఇక్కడే ఒక పాత అలవాటు ప్రాణం మీదికి తెస్తోంది. 'దిగుడే కదా, న్యూట్రల్ చెయ్యి, డీజిల్ మిగులుతది' అంటారు. మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లకు ఇంధనం దాదాపు ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ తనంతట తాను తిరగాలి కాబట్టి అప్పుడే ఎక్కువ తాగుతుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు తప్పితే మనం దాన్నే 'బ్రేకులు ఫెయిలయినయ్' అంటాం.

ఆటోమేటిక్ కార్లవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఘాట్ దిగుతూ 'డి'లోనే వదిలేస్తే గేర్‌బాక్సు పై గేరుకు పోయి బండి పరిగెడుతుంది. 'ఎల్', '2' లేదా మాన్యువల్ మోడ్ ఇచ్చింది అందుకే. కొన్ని పెద్ద బండ్లలో లాగడానికి ప్రత్యేకంగా టో మోడ్ కూడా ఉంటుంది.

ట్రాక్టర్ వాళ్లకు ఇంకో రెండు మాటలు. పొలంలో మలుపు కోసం ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడివిడిగా వాడతాం. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపే లాక్ వేయాలి. వేయకుండా ఒక్కటే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేసి బోల్తా పడుతుంది. ఇక బస్తాలను ట్రాలీ వెనక కొసకు కాకుండా ఇరుసు మీదికి, ఇంకాస్త ముందుకు వచ్చేలా సర్దాలి. వెనక బరువెక్కువైతే ట్రాలీ పాములా ఊగుతుంది. కారవాన్ లాగేవాళ్లు భయపడేదీ ఆ ఊపుకే.

మాన్యువలా, ఆటోమేటిక్కా అన్నది కొనేరోజు ఒక్కసారి తేల్చుకునే ప్రశ్న. గేరు ఎంచుకోవడం మాత్రం ప్రతి దిగుడులోనూ చేయాల్సిన పని. పాత లారీ డ్రైవర్లు దీనికి తేలికైన సూత్రం చెబుతారు. ఏ గేరులో ఎక్కావో, ఆ గేరులోనే దిగు. దిగడం మొదలయ్యాక కాదు, మొదలుకాకముందే ఆ గేరు వేసుకోండి.