మతిమరుపు రోగం వంశంల వస్తదా?

ముసలితనంల కండ్లద్దాలు ఎక్కడ పెట్టినమో మర్చిపోవుడు మామూలే. కానీ రోజూ నడిచే బాటల ఇల్లు దొరకకపోవుడు, కన్నకొడుకును గుర్తుపట్టకపోవుడు రోగం. ఇట్లాంటి రోగాలల్ల ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. 1906లో జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ దీన్ని మొదట వివరించాడు. మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రొటీను పేరుకుంటుంది. కణాల లోపల టౌ అనే ప్రొటీను చిక్కుపడుతుంది. కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతాయి.

మా నాయనమ్మకు డెబ్బై దాటినంక ఈ రోగం వచ్చింది. మా అక్కను చూడవచ్చినోళ్ళు "ఈ వంశంల పిచ్చి ఉన్నది" అని లేచిపోయిన్రు. ఆ మాట నిజమేనా అని సైన్సు సారును అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్న.

రోగం తెచ్చే జన్యువులు: ఏపీపీ, ప్రిసెనిలిన్-1, ప్రిసెనిలిన్-2 అని మూడు జన్యువులున్నాయి. వీటిల లోపముంటే రోగం దాదాపు ఖాయం. పిల్లలకు వచ్చే అవకాశం సగం. కానీ ఇది చాలా అరుదు, నూటికి ఒక్కరికి కూడా ఉండదు. చాలావరకు 65 ఏండ్ల లోపలే వస్తుంది.

ప్రమాదం పెంచే జన్యువు: దీని పేరు ఏపీఓఈ, 19వ క్రోమోజోము మీద ఉంటుంది. కొవ్వును మోసే ప్రొటీనును తయారుచేస్తుంది. దీనిల 2, 3, 4 అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి మనకు వస్తాయి. నాలుగో రకం ప్రమాదం పెంచుతుందని 1993లో అమెరికా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఒకటి ఉంటే సుమారు 2 నుంచి 3 రెట్లు, రెండూ అవే అయితే 8 నుంచి 12 రెట్ల దాకా పెరుగుతుంది. అయినా అది ఉన్నోళ్ళందరికీ రోగం రాదు, లేనోళ్ళకు రాదనీ కాదు.

లెక్క చూడండి. నాయనమ్మకు ఒక నాలుగో రకం ఉన్నదనుకుందాం. అది మా నాయనకు వచ్చే అవకాశం సగం, అక్కకు వచ్చేసరికి నాలుగో వంతు. వచ్చినా రోగం ఖాయం కాదు. మరి పెండ్లి ఎందుకు ఆగాలె?

జన్యువులను మార్చలేం, మిగతావి మన చేతుల ఉన్నాయి. చదువు లేకపోవుడు, బీపీ, షుగరు, పొగ, మద్యం, చెవుడు, తలకు దెబ్బలు, ఒంటరితనం ప్రమాదాన్ని పెంచుతాయి. ఇట్లాంటి 14 కారణాలను సరిచేస్తే సుమారు 45 శాతం మతిమరుపు రోగాలను ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది.

మన హైదరాబాదు సంగతి వినండి. నిమ్స్ దవాఖానల డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినోళ్ళ కంటే రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్ళకు రోగం సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానోళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. భాషలు రోగాన్ని ఆపుతాయని కాదు గానీ, ఇంట్ల లంబాడీ, గోండి, కోయ మాట్లాడి బడిల తెలుగు, ఇంగ్లీషు నేర్చే మనం సిగ్గుపడే పని లేదు. ఇంటి భాషను విడువకండి.

మతిమరుపు కనబడితే గాలి సోకిందని మంత్రగాని దగ్గరికి తీసుకపోవద్దు. దవాఖానల చూపించాలె. థైరాయిడ్, బి-12 విటమిను లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గవచ్చు. అల్జీమర్స్ అయితే పూర్తిగా నయం చేసే మందు లేదు. అప్పుడు ఓపికే మందు. పెద్దోళ్ళు అడిగిందే పదిసార్లు అడిగితే, పదోసారి కూడా మొదటిసారి లెక్కనే చెప్పాలె.

– 10వ తరగతి విద్యార్థి, ఇబ్రహీంపట్నం