ఇంట బీరు కాచువారి తొలి సందేహములు



ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో ఒక రేకు డబ్బా అమ్మబడుచుండును. అందులో తేనెవలె చిక్కగా, బెల్లపు పాకమువలె ముదురు రంగుగా ఒక పదార్థముండును. దానిని వేడినీట కరగించి, చక్కెర చేర్చి, చన్నీళ్లు పోసి, ఈస్టు చల్లి మూతవేసినచో నెల తిరుగులోపల 23 లీటర్ల బీరు సిద్ధమగును. ఆ దేశములలో స్థిరపడిన మన పిల్లలు కొందఱు ఈ పనికి పూనుకొని, నడుమ చిక్కుపడి, ఇంటనున్న పెద్దలకు ఫోను చేయుట కలదు. నేను రసాయనశాస్త్రము బోధించి విశ్రమించినవాడను. లెస్టరు నగరమందున్న నా మేనల్లుడు తన సందేహములన్నిటిని నాకే విన్నవించును. అతనికి కలిగినవి క్రొత్తగా చేయు ప్రతివానికిని కలుగునవే. వానిని గూర్చియే నేటి ప్రసంగము.

ముందుగా చట్టము సంగతి. మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో 1968వ సంవత్సరపు ఆబ్కారీ చట్టము ననుసరించి లైసెన్సు లేక ఇంట మద్యము తయారుచేయుట నేరము. బీరునకు మినహాయింపు లేదు. కావున నేను చెప్పునది ఇచ్చట చేయుటకు గాదు, అచ్చట చేయువారి పని మనకు బోధపడుటకు. ఇంగ్లండులో సైతము 1880వ సంవత్సరపు చట్టమువలన ఇంట కాచుకొనువారికి లైసెన్సు అవసరమై యుండెను. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డు మాడ్లింగు ఆ నిర్బంధమును తొలగించెను. అమ్మరాదు, తమ వాడుకకు మాత్రము చేసికొనవచ్చును. అమెరికాలో అధ్యక్షుడు కార్టరు 1978 అక్టోబరులో సంతకము చేసిన శాసనము మఱుసటి ఫిబ్రవరిలో అమలునకు వచ్చెను. అయినను అచ్చటి రాష్ట్రములు వేర్వేఱుగ అంగీకరింపవలసి యుండుటచే మిసిసిపీ, అలబామావారు 2013 వఱకు ఆగవలసివచ్చినది.

ఇక డబ్బాలోని పదార్థ మేమి? బార్లీ గింజలను నానబెట్టి, మొలక రాగానే వేడిగాలిలో ఆరబెట్టుదురు. మనవారు రాగులను మొలకెత్తించి మాల్టు చేయు పద్ధతియే యిది. మొలకెత్తునపుడు గింజలోని పిండిని చక్కెరగ మార్చు ద్రవ్యములు మేల్కొనును. ఆ మాల్టును నలుగగొట్టి సుమారు 65 డిగ్రీల వేడినీట గంటసేపు ఉంచినచో తియ్యని రసము దిగును. చెఱకు రసమునుండి బెల్లము తీసినట్లు, ఈ రసమునందలి నీటిని ఇగిర్చినచో పాకము మిగులును. హాప్సు అను తీగ పూల చేదును అందు ముందే చేర్చియుందురు. కనుక కష్టమైన పని కార్ఖానాలోనే ముగిసినది, పులియబెట్టుటయే మనకు మిగిలినది. 1.7 కిలోల డబ్బాకు ఒక కిలో చక్కెర, మొత్తము 23 లీటర్లగు వఱకు నీరు, ఇది సాధారణమైన కొలత. చక్కెరలో సగమునకు బదులు మాల్టుపొడి వేసినచో బీరు పలుచగ నుండక రుచి నిండుకొనును. నా మట్టుకు ఆ కొద్దిపాటి ఖర్చు దండుగ కాదనుకొందును.

శుభ్రతను గూర్చి అంత పట్టుదల యేల యని నా మేనల్లు డడిగెను. మన కల్లు కుండను ఎవరును మందులతో కడుగరు గదా, అది పులియుట లేదా యని అతని వాదము. పులియును. కుండగోడల నంటియున్న నిన్నటి మడ్డిలోను, గాలిలోను ఈస్టు ఉన్నది. సున్నము పూసిన కుండలో మాత్రము రసము తియ్యగా నీరాగ నిలుచును. కాని కల్లును ఆ దినముననే త్రాగివేయుదురు. మఱునాటికి అది పులుపెక్కును, మఱికొన్ని దినములకు సిర్కా యగును. బీరు నెలల తరబడి నిలువవలసినది. కావున అందు మనము వేసిన ఈస్టు దక్క వేఱొక జీవి చేరరాదు. ఇచ్చట రెండు పనులు కలవు. మురికి పోవునట్లు కడుగుట యొకటి, కడిగినదానిని సూక్ష్మజీవులు చచ్చునట్లు మందునీట తడుపుట మఱియొకటి. మొదటిది చేయక రెండవది చేసిన ఫలము లేదు. ప్లాస్టిక్ తొట్టిని గరుకు పీచుతో తోమరాదు. గీతలు పడినచో ఆ గీతలలో జీవులు దాగును, మందు అచ్చటికి చేరదు.

ఈస్టు వేయుటను మన యిల్లాండ్రకు చెప్పనక్కఱలేదు. కాగిన పాలలో వెంటనే తోడు వేసిన పెరుగు కాదు. చల్లని పాలలో వేసిన తెల్లవాఱినను తోడుకొనదు. గోరువెచ్చగ నుండవలెను. ఈస్టు బీరునకు తోడు వంటిదే. పాకము కరగించిన నీరు సలసల కాగుచుండగా ఈస్టు చల్లినచో అది చచ్చును. చన్నీళ్లు పోసి 20 డిగ్రీల ప్రాంతమునకు దింపిన పిదపనే చల్లవలెను. అటుపై తొట్టిని 18 మొదలు 22 డిగ్రీల వేడిమిలో ఉంచుట మేలు. 25 దాటినచో ఈస్టు చచ్చిపోదు గాని తొందరపడి పనిచేసి వింత వాసనలు పుట్టించును. చలికాలమున వేడిమి లేని గదిలో నుంచినచో నిద్రపోవును. డబ్బాతో వచ్చు చిన్న పొట్లములోని ఈస్టునకు పెద్ద చరిత్రయే కలదు. బీరు చెడుటకు పరజీవులు కారణమని పాశ్చరు 1876లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. డెన్మార్కునందలి కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో హాన్సెను 1883లో ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచి చూపెను. అంతకుముందు బీరు కాచువాడు మునుపటి మడ్డినే తోడుగ వేసి, మంచి చెడ్డలను అదృష్టమునకు వదలెడివాడు.

మఱునాడు వచ్చు ప్రశ్న, “మామయ్యా, బుడగలు రావడం లేదు” అని. తొట్టి మూతకు నీరు పోసిన చిన్న గొట్టము అమర్చియుందురు. లోపల పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఆ నీటిగుండా బుడగలై వెలికి పోవును, వెలుపలి గాలి లోనికి రాదు. బుడగలు రాకున్న ఈస్టు చచ్చినదని క్రొత్తవాడు బెంగపడును. మొదట ఒక దిన మాగవలెను. ఈస్టు తన సంతతిని వృద్ధిచేసికొనుటకు ఆపాటి వ్యవధి పట్టును. పిదప మూత తీయకయే తొట్టి గోడను చూడవలెను. నురుగు లేచిన చారలున్నచో పని జరుగుచున్నట్లే. మూత సరిగ బిగియక వాయువు ప్రక్కగా పోవుచుండును, అంతియే. పెద్ద నురుగు లేచుట, గోధుమరంగు తెట్టు కట్టుట, కొన్ని దినములు క్రుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చుట, ఇవియు సామాన్యములే. వాసన తనంత తానే పోవును. పైన వెండ్రుకలవంటి బూజు కట్టినచో మాత్రము పారబోయవలెను.

బుడగలు రాకున్న పని లేదనుట యెట్లు పొరపాటో, బుడగలు ఆగినవి గనుక పని ముగిసినదనుటయు అట్లే పొరపాటు. ఇది మొదటిదానికంటె ప్రమాదకరము. డబ్బాపై కాగితమున ఇన్ని దినములని వ్రాసియుండును. ఈస్టు ఆ కాగితమును చదువదు. చలిలో పది దినములైనను ముగియకపోవచ్చును. తెలిసికొనుటకు సాధన మొకటే, సాంద్రత కొలుచు గాజుకాడ. పాలకేంద్రమున పాలు పోయువారికి దీనిని వర్ణింపనవసరము లేదు. పాలలో నీళ్లు కలిపినచో లాక్టోమీటరు క్రుంగును గదా! ఇదియు అట్టిదే. శుద్ధమైన నీటిలో 1000 చూపును. చక్కెర కరగిన రసము బరువు గనుక మొదటి దినమున 1040 ప్రాంతము చూపును. ఈస్టు చక్కెరను తినినకొలది కాడ క్రుంగి, కడపట 1010 దగ్గఱగ నిలుచును. రెండు మూడు దినముల యెడముతో రెండుమార్లు కొలిచి, అంకె మాఱకున్ననే ముగిసినట్లు. మొదటి అంకెకు కడపటి అంకెకు గల తేడాను ఏడున్నరచే భాగించినచో నూటికి ఎన్ని పాళ్లు ఆల్కహాలో తేలును. పై లెక్కలో తేడా 30 గనుక సుమారు నాలుగు పాళ్లు. మొదటి దినమున కొలువనివానికి ఈ లెక్క యెన్నటికిని తేలదు.

ఇక సీసాలలో నింపుట. ఇచ్చట నేను కొంత విస్తరించి చెప్పుటకు కారణము కలదు. ఈ వ్యవహారమంతటిలో ఒడలికి గాయమగు తావు ఇదియొక్కటే. బీరులో పొంగు వచ్చుటకై సీసాలో నింపునపుడు మఱల కొంచెము చక్కెర వేయుదురు, లీటరునకు 6 గ్రాములు చాలును. మూత బిగించిన సీసాలో మిగిలిన ఈస్టు ఆ చక్కెరను తిని వాయువు పుట్టించును. చక్కెర బరువులో ఇంచుమించు సగము వాయువగును. అది పోవుటకు త్రోవ లేక బీరులోనే కరగును. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని కాడ 1010కి దిగక 1020 వద్ద నుండగనే తొందరపడి నింపినాడనుకొందము. అప్పుడు లీటరులో ఇంకను సుమారు 20 గ్రాముల చక్కెర పులియవలసి యున్నది. అనగా మనము వేసినదానికి మూడింతలు! పై ఆరు గ్రాములు వేఱు. ఆ వాయువునకు గాజు ఓర్వలేదు. మన గోలీసోడా సీసా యెంత దళసరిగ నుండునో, దానిని సైతము ఇనుప పెట్టెలో పెట్టి త్రిప్పుచు ఏల నింపెడివారో ఎఱిగినవారు మీలో పెక్కండ్రుందురు. అట్టి గాజే పగులుట కలదు. బీరు సీసా అంత దళసరి గాదు. అల్మారాలో నొకటి పగిలినచో ప్రక్కవియు పగులును, గాజు పెంకులు కత్తులవలె ఎగయును.

కనుక మొదటిసారి చేయువానికి ప్లాస్టిక్ సీసాలు వాడుమని చెప్పుదును. నొక్కి చూచిన లోపలి ఒత్తిడి తెలియును, పగిలినను పెంకులు లేవవు. గాజువే కావలెనన్నచో బీరునకై చేసిన సీసాలు, గోధుమరంగువి, వాడవలెను. వెలుతురు సోకినచో హాప్సు చేదు చెడి దుర్వాసన పుట్టును, గోధుమరంగు గాజు దానిని చాలవఱకు ఆపును. ద్రాక్షసారా సీసాలను, పచ్చడి సీసాలను దీనికి వాడరాదు. చక్కెరను సీసా సీసాకు చెంచాతో వేయుటకంటె, మొత్తమునకు కావలసినది లెక్కగట్టి, నీట కరగించి, తొట్టిలోని బీరునకు మడ్డి కదలకుండ కలుపుట మేలు. లేనిచో ఒక సీసాలో రెండుమార్లు పడును. ఒక సీసా పగిలినదని తెలిసినచో తక్కినవానిని చేతులతో తడవి చూడరాదు. దళసరి దుప్పటి కప్పి, ఆ గదిలోనికి పిల్లలను పోనీయక, చల్లబడనిచ్చి, కన్నులకు అద్దములును చేతులకు తోలు తొడుగులును ధరించినవాడే మూతలు సడలింపవలెను.

తల్లిదండ్రుల భయము వేఱొకటి. నాటుసారా త్రాగి చూపు పోయినవారిని గూర్చి, చనిపోయినవారిని గూర్చి మనము పత్రికలలో చదివియున్నాము. ఇంట చేసిన బీరువలనను అట్లగునా? కాదు. ఆ ఘోరములకు సాధారణ కారణము కార్ఖానాలలో వాడు మిథైల్ ఆల్కహాలును సారాలో కలిపి అమ్ముట. మాల్టు పాకము పులియునపుడు ఆ విషము లెక్కకు వచ్చునంత పుట్టదు. బీరును బట్టీ పెట్టి సారా దింపుట పూర్తిగా వేఱు పని. దానిని ఇంగ్లండులోను లైసెన్సు లేక చేయరాదు, చేయదగినదియు గాదు. ఇక పరజీవులు చేరి బీరు పులిసిపోయినను త్రాగినవానికి సామాన్యముగ రోగము రాదు, నోరు మాత్రము చెడును. అయినను అది మద్యమే. దానివలని మత్తునకును, కాలేయమునకు కలుగు కీడునకును ఇంట చేసినది, అంగడిలో కొన్నది అను భేదము లేదు.

నింపిన సీసాలను రెండు వారములు గది వేడిమిలోనే ఉంచవలెను. చల్లని పెట్టెలో పెట్టినచో ఈస్టు నిద్రించి పొంగు రాదు. ఆ పిదప చల్లబఱచి, సీసాను కదలించక, గ్లాసును వంచి ఒకే ధారగ పోయవలెను. అడుగున తెల్లని పొర యుండును. ఇదేమి మురికి యని నా మేనల్లుని భార్య మొదటి సీసాను పారబోసినదట! అది మురికి గాదు, పని ముగించి అడుగంటిన ఈస్టు. త్రాగినను విషము గాదు, కొందఱికి కడుపుబ్బరము కలిగించును. కనుక సీసా అడుగున ఒక్క అంగుళము వదలి తక్కినది వంచుకొందురు.